వారు మనకేమవుతారు?

పురానాపూల్ దాటి బహదూర్‌పురా వైపు సాగి, నెహ్రూ జంతుప్రదర్శనశాలకు చేరకముందే పడమటికి తిరిగితే కిషన్‌బాగ్ వస్తుంది. హైదరాబాదు పాతనగరపు పేటలలో అది ఒకటి. ఇల్లు ఇంటిని ఆనుకొని ఉంటుంది. ఈ ఇంటి మాట గోడ ఆవలి ఇంటికి వినబడుతుంది. ఒక గుమ్మంలో ఉర్దూ, మరొక గుమ్మంలో తెలుగు. జంతుప్రదర్శనశాలకు ఆవలగా మీర్ ఆలం చెరువు ఉన్నది. 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో నిజాముకు దివానుగా ఉన్న మీర్ ఆలం పేరిట వెలసిన ఆ చెరువు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకపూర్వం నగరానికి త్రాగునీరిచ్చినది. అర్ధచంద్రాకారపు కమానులు వరుసగా పేర్చి కట్టిన దాని ఆనకట్టను నేటికీ ఇంజనీర్లు వచ్చి చూచి పోతుంటారు.

గత చలికాలంలో కార్యక్రమాల పనిమీద ఆ పేటలోని ఒక ఇంటికి వెళ్ళాము. ఆ ఇంటి కుర్రవాడు కళాశాలలో చదువుతున్నాడు. తెల్లవారుజామున లేచి చెరువు వైపు వెళ్ళి, కనబడిన పక్షులను లెక్కపెట్టి, చేతిఫోనులో వ్రాసుకొని రావడం అతని అలవాటు. మేము వెళ్ళిన ఉదయం అతనికి ఎక్కడినుంచో ఒక ప్రశ్న వచ్చింది. నిన్న వ్రాసిన నీటికాకి పెద్దజాతిదా, చిన్నజాతిదా? ముక్కు ఎట్లా ఉన్నది? ఫోటో ఏమైనా తీశావా? అతడు టీ చల్లారిపోతున్నా గమనించక సమాధానం వ్రాస్తూ కూర్చున్నాడు. ఇది చూస్తున్న అతని నాయనమ్మ, "ఎవర్రా వాళ్ళు? మనకేమైతరు?" అని అడిగింది.

"ఏం గారు నానమ్మా. వాళ్ళను నేను చూడనే లేదు."

"ఏం గానోళ్ళతోని పొద్దుగాల లేవంగనే గీ ముచ్చట్లేంది బిడ్డా?"

మేమందరం నవ్వాము. కాని స్టూడియోకు తిరిగివచ్చిన తరువాత ఆ ప్రశ్న మమ్మల్ని విడువలేదు. ఆమె అడిగినది వేళాకోళానికి కాదు. మన దేశంలో క్రొత్తమనిషి ఎదురుపడినప్పుడు మొదట పుట్టే ప్రశ్న అదే: ఏ ఊరు, ఎవరి తాలూకు, మనకేమవుతారు? చుట్టరికమో, ఇరుగుపొరుగుతనమో, ఒకే కొలువో తేలితే తప్ప మాట ముందుకు సాగదు. ఏమీ కాని వారితో ఏళ్ళ తరబడి ఒకే విషయంపై మాట కలుపుతూ, పని కలిసి చేస్తూ ఉండే సమాజాలు నేడు అంతర్జాలంలో వేలకొలది వెలసినవి. అవి ఎట్లా పుట్టినవి, దేని బలంతో నిలుస్తున్నవి, ఎక్కడ కూలిపోతున్నవి అనే విషయం ఈ వ్యాసంలో విచారిస్తాము.

మొదట ఒక భేదాన్ని గుర్తించవలెను. నేడు ప్రతి ఇంట్లోను చేతిఫోను ఉన్నది. అందులో వాట్సాప్ బృందాలు ఉన్నవి. మేనమామ కొడుకు పెండ్లికి ఏర్పడ్డ బృందం ఒకటి, పాత సహాధ్యాయుల బృందం ఒకటి, వీధివారి బృందం ఒకటి. వీటన్నిటిలోను మనుష్యులు ముందు, మాట తరువాత. వారిని మనం ముందే ఎరుగుదుము కాబట్టి, ఏ మాట వచ్చినా వింటాము. మేము చెప్పబోయే సమాజాలలో ఈ వరుస తారుమారు అవుతుంది. అక్కడ విషయం ముందు, మనిషి తరువాత. పాతనాణెములు, పద్యచ్ఛందస్సు, మిద్దెతోటలు, పక్షులు, చదరంగం, పాత రికార్డులు: వీటిలో ఏదో ఒకదానిపై ఆసక్తి ఉన్నవాడు ఆ ద్వారంగుండా లోపలికి వస్తాడు. అతని కులమేదో, జీతమెంతో ఎవరూ అడుగరు. అతనికి ఆ విషయంలో ఏమి తెలుసునో, తెలియనిది నేర్చుకొనే ఓపిక ఉన్నదో లేదో, అంతే చూస్తారు.

ఇది బొత్తిగా క్రొత్త సంగతి అనుకోవడం పొరపాటు. మన హైదరాబాదులోనే 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. తెలుగు పుస్తకం చదవాలనే కోరిక ఒక్కటే అక్కడికి వచ్చే పాఠకులను కలిపిన బంధం. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి కూడా ఈ నగరంలోనే పుట్టింది. చరిత్ర, శాస్త్రం తెలుగులో చదువగోరి చందా కట్టిన వారిలో ఒకరినొకరు ఎరుగని వారే ఎక్కువ. తపాలా బంగీలో వచ్చే పుస్తకమే వారిని కలిపే సూత్రం.

మా రేడియో సంగతీ అంతే. కోరిన పాటల కార్యక్రమాలకు ఉత్తరాలు వ్రాసే శ్రోతలు ఒకరి పేరు ఒకరు ఏళ్ళ తరబడి వింటూ ఉండేవారు. ముఖం చూచి ఎరుగరు. నేటి జార్ఖండులోని ఝుమ్రీ తలయ్యా అనే చిన్న ఊరి పేరు దేశమంతటా తెలిసినది అక్కడి గనుల వలన కాదు, ఆ ఊరి శ్రోతలు వ్రాసిన పాటల కోరికల వలన. అయితే ఆ శ్రోతలు స్టేషనుతో మాట్లాడగలిగేవారు గాని, తమలో తాము మాట్లాడుకోగలిగేవారు కాదు. ఆ కొరతను తీర్చినది కంప్యూటర్ల వల.

ఇట్లా జరుగుతుందని ముందే ఊహించిన వారు ఇద్దరున్నారు. 1968లో అమెరికా శాస్త్రజ్ఞులు లిక్‌లైడర్, రాబర్ట్ టేలర్ కలిసి ఒక వ్యాసం వ్రాశారు. కంప్యూటరు అనగా లెక్కలు వేసే యంత్రమని లోకమంతా భావిస్తున్న రోజులవి. అది మనిషికీ మనిషికీ నడుమ వార్తావాహకం కాగలదని, రాబోయే సమాజాలు ఒకే చోట నివసించే వారివి కాక ఒకే ఆసక్తి గల వారివి అవుతాయని వారు అందులో సూచించారు. మరుసటి సంవత్సరమే ఆర్పానెట్ అనే తొలి కంప్యూటర్ల వల పనిచేయసాగింది. అది ప్రభుత్వ పరిశోధనల కొరకు ఏర్పడ్డది. అయినా పదేళ్ళు తిరుగకముందే దానిమీద వైజ్ఞానిక కల్పనాకథల అభిమానులు తమలో తాము ఉత్తరాలు పంచుకోవడం మొదలుపెట్టారు. 1979లో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులు యూజ్‌నెట్ అనే ఏర్పాటును రూపొందించారు. అది ఒక పెద్ద ప్రకటనల పలక వంటిది. ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క గది. ఒకరు అంటించిన కాగితం క్రింద మరొకరు తమ కాగితం అంటించవచ్చును. అది అంచెలంచెలుగా ఒక కంప్యూటరునుంచి మరొక కంప్యూటరుకు ప్రాకి, కొన్ని గంటలలోనో, ఒకటి రెండు రోజులలోనో దేశాలు దాటిపోయేది.

ఆ పలకమీద 1990ల తొలి సంవత్సరాలలో తెలుగువారి గది కూడా తెరుచుకొన్నది. అప్పటికి మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్టు లేదు. విదేశ్ సంచార్ నిగమ్ వారు దానిని ప్రజలకు అందించినది 1995 ఆగస్టు 15న. కాబట్టి ఆ గదిలో చేరినవారిలో ఎక్కువమంది అమెరికా విశ్వవిద్యాలయాలలో చదువుతున్న తెలుగు విద్యార్థులు, ఉద్యోగులు. వారికి వచ్చిన మొదటి చిక్కు లిపి. యంత్రంలో తెలుగు అక్షరాలు లేవు. ఎవరికి తోచినట్లు వారు ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు వ్రాస్తే, చదివేవారికి అర్థం తారుమారయ్యేది. హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దీనికొక కట్టుబాటు ఏర్పరచారు. చిన్న ఎన్ను వ్రాస్తే న, పెద్ద ఎన్ను వ్రాస్తే ణ. చిన్న ఎల్లు వ్రాస్తే ల, పెద్ద ఎల్లు వ్రాస్తే ళ. ఇట్లా అక్షరమాల అంతటికీ ఒక పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో వ్రాసినదానిని మరల తెలుగు లిపిలోనికి మార్చే ఉపకరణాన్ని కూడా వారు తయారుచేశారు. ఏ ప్రభుత్వమూ ఉత్తరువు జారీచేయలేదు. ఏ అకాడమీ తీర్మానించలేదు. పద్యం గురించి మాట్లాడుకోవాలనుకొన్న వారికి పద్యం వ్రాసే దారి కావలసివచ్చింది, వేసుకొన్నారు. 1998లో అమెరికాలోని కొందరు సాహిత్యాభిమానులు అంతర్జాలంలో ప్రారంభించిన 'ఈమాట' పత్రిక వెనుక కూడా ఇటువంటి స్నేహమే ఉన్నది.

ఇక్కడ పూర్వచరిత్ర ఒకటి స్మరించుకోవడం అవసరం. విజ్ఞానచంద్రికా మండలికి ప్రాణంగా నిలిచిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞానసర్వస్వం ఒకటి రావాలని పూనుకొన్నారు. పండితులచేత వ్రాయించారు, తామూ వ్రాశారు. మూడు సంపుటములు వెలువడినవి. అకారంతో మొదలయ్యే మాటలు కూడా దాటలేదు. 1923లో ఆయన కన్నుమూశారు. పని అక్కడ ఆగింది. ఎంత మహనీయుడైనా, ఒక్క మనిషి ఆయుర్దాయంపై ఆధారపడిన పనికి గల పరిమితి అది.

సరిగా 80 ఏళ్ళకు, 2003 డిసెంబరులో, తెలుగు వికీపీడియా మొదలైంది. దానికి ఆద్యుడు వెన్న నాగార్జున. వికీపీడియా అనగా ఎవరైనా వ్రాయదగిన, ఎవరైనా దిద్దదగిన విజ్ఞానసర్వస్వం. ఇంగ్లీషులో అది 2001లో పుట్టింది. తొలి రోజులలో తెలుగు ప్రతిలో వ్యాసాలు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని. 2005నుంచి ఉత్సాహవంతులు ఒక్కొక్కరుగా చేరారు. నేడు అందులో వ్యాసాలు లక్ష దాటినవి. వ్రాసినవారిలో ఉపాధ్యాయులు, వైద్యులు, ఇంజనీర్లు, విశ్రాంత ఉద్యోగులు, విద్యార్థులు ఉన్నారు. పలువురు మారుపేర్లతోనే వ్రాస్తారు. ఎవరికీ జీతం లేదు.

ఆ సర్వస్వం నడిచే తీరు గమనింపదగినది. ప్రతి వ్యాసం వెనుక దాని చరిత్ర భద్రంగా ఉంటుంది: ఏ రోజున, ఎన్ని గంటలకు, ఎవరు, ఏ మాట చేర్చారో, ఏ మాట తీసివేశారో చూడవచ్చును. ప్రతి వ్యాసానికి జతగా ఒక చర్చాపుట ఉంటుంది. సభ్యులందరూ కూడి మాట్లాడుకొనే చోటికి వారు 'రచ్చబండ' అని పేరు పెట్టుకొన్నారు. ఊరి నడుమ చెట్టుక్రింద ఉండే రచ్చబండ మీద పెద్దరికం మాటకు బలమిచ్చేది. ఈ రచ్చబండ మీద ఆధారం మాటకు బలమివ్వాలని నియమం. "మా తాతగారు చెప్పారు" అంటే చాలదు. ఏ గ్రంథంలో ఉన్నదో, ఏ పత్రికలో అచ్చయినదో చూపవలెను. 2010 ప్రాంతంలో యంత్రసహాయంతో అనువదించిన వ్యాసాలు పెద్ద సంఖ్యలో అందులోనికి వచ్చిపడినవి. లెక్కకు ఘనంగానే ఉన్నా వాక్యం తెలుగు వాక్యంగా లేదు. వాటిని ఉంచాలా, దిద్దాలా, తొలగించాలా అని సభ్యులు చాలాకాలం తర్కించుకొన్నారు. ఒకరికొకరు ఏమీ కాని మనుష్యులు మన భాషలోని వాక్యనిర్మాణం కోసం రాత్రులు మేలుకొని వాదించుకోవడం సామాన్యమైన విషయం కాదు.

ఇక మన కిషన్‌బాగ్ కుర్రవాని పక్షుల లెక్కకు వద్దాము. హైదరాబాదులో పక్షులను చూచే వారి సంఘం 1980లో ఏర్పడ్డది. వారు నెలనెలా కలుసుకొని చెరువులకు, అడవులకు వెళ్ళేవారు. 'పిట్ట' అనే చిన్న పత్రిక వేసుకొనేవారు. 2002లో అమెరికాలోని కోర్నెల్ పక్షిశాస్త్ర పరిశోధనాలయం, ఆడుబాన్ సంఘం కలిసి ఈబర్డ్ అనే ఏర్పాటును ప్రారంభించినవి. ఏ దేశంలోనివారైనా, ఏ చోట, ఏ సమయంలో, ఎన్ని నిమిషాలు నిలబడి, ఏ పక్షులను ఎన్నిటిని చూచారో అందులో నమోదు చేయవచ్చును. ఆ చోటికి, ఆ ఋతువుకు పొసగని పేరు వచ్చినా, సంఖ్య వచ్చినా యంత్రం దానిని ప్రక్కన పెడుతుంది. అప్పుడు ఆ ప్రాంతపు పక్షులను బాగా ఎరిగిన స్వచ్ఛంద పరిశీలకుడు ఒకరు వ్రాసినవారికి ఉత్తరం వ్రాసి వివరం అడుగుతారు. నీటికాకి గురించి ఆ ఇంటికి వచ్చిన ప్రశ్న ఈ కోవలోనిదే. అది తప్పుపట్టడం కాదు, తక్కువచేయడం కాదు; లెక్క లెక్కగా నిలవడానికి చేసే పరీక్ష.

ఇటువంటి చిన్న చిన్న లెక్కలు ఎక్కడికి చేరుతాయని అడుగవచ్చును. 2023లో భారతదేశపు పక్షుల స్థితిని గురించి ఒక నివేదిక వెలువడినది. దానికి ఆధారం 30 వేలకు పైబడిన పక్షిప్రియులు నమోదు చేసిన 3 కోట్లకు మించిన పరిశీలనలు. దీర్ఘకాలపు పోకడ తేల్చగలిగినంత సమాచారం 338 జాతులకు దొరికింది. వాటిలో 204 జాతుల సంఖ్య తగ్గుతున్నదని తేలింది. ఏ ప్రభుత్వశాఖ అయినా ఇన్ని చెరువుగట్ల మీద ఇన్ని ఉదయాలు ఉద్యోగులను నిలబెట్టగలదా? ఒకరినొకరు ఎరుగని మనుష్యుల ముచ్చట ఒకటిగా చేరి దేశానికి హెచ్చరిక అయినది.

ఏమీ కాని వారివలన ఇంత ప్రయోజనం ఎందుకు కలుగుతున్నది? సమాజశాస్త్రజ్ఞుడు మార్క్ గ్రనొవెటర్ 1973లో ఒక సంగతి చూపాడు. ఉద్యోగాల సమాచారం మనుష్యులకు ఎక్కువగా చేరుతున్నది ప్రాణమిత్రుల ద్వారా కాదట, ఎప్పుడో ఒకప్పుడు కలిసే పరిచితుల ద్వారానట. కారణం సులభమే. మన దగ్గరివారికి తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది; దూరపువారికి తెలిసినది మాత్రమే మనకు క్రొత్త. బావిలోని నీరు బావికి చాలవచ్చును గాని, చెరువు నిండాలంటే ఎగువనుంచి వాగు రావలసిందే.

ఆసక్తి అవసరంగా మారిన ఘట్టం ఒకటి మా రేడియో ప్రపంచంలోనే జరిగింది. హామ్ రేడియో అనే వేడుకను మా శ్రోతలలో కొందరైనా ఎరుగుదురు. ప్రభుత్వపరీక్షలో నెగ్గి, లైసెన్సు పొంది, సొంత యంత్రంతో ప్రపంచంలోని తోటి హామ్‌లతో మాట్లాడడం ఆ వేడుక. హైదరాబాదులో 1983లో వెలసిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ దీనిని నేర్పుతూ వచ్చింది. అరుదైన ప్రదేశాలనుంచి పలికే గొంతును అందుకోవడం హామ్‌లకు పరమానందం. అండమాను దీవులు అటువంటి అరుదైన చోటు. 2004 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు అనుమతి పొంది పోర్ట్ బ్లెయర్ వెళ్ళి అక్కడినుంచి ప్రసారం సాగించారు. ప్రపంచపు నలుమూలల హామ్‌లు ఆమె గొంతు అందుకోవడానికి పోటీపడుతూ ఉన్నారు. ఇంటివారెవరైనా చూస్తే, ఇదేమి పిల్లచేష్ట అనేవారేమో! డిసెంబరు 26న సునామీ వచ్చింది. టెలిఫోను మార్గాలు తెగిపోయినవి. అప్పుడు ఆమె రేడియోయే దీవులకు, బయటి ప్రపంచానికి వంతెన అయినది. క్షేమసమాచారాలు, సహాయపు కబుర్లు ఆ గొంతుమీదుగా సాగినవి. నిన్నటివరకు ముచ్చటగా పిలుపులు వింటూ ఉన్నవారే ఆనాడు ఎవరి అన్న బ్రతికి ఉన్నాడో, ఎవరి కూతురు క్షేమమో ఆ కబురు అందుకొని చేరవేశారు. ముచ్చటకోసం నేర్చిన విద్య కనుకనే ఆ వేళకు చేతిలో సిద్ధంగా ఉన్నది.

ఇంతవరకు మంచి చెప్పినాము. లోటు చెప్పకపోతే మా మాట సగమే అవుతుంది. ఈ సమాజాలలో కలహాలు ఉన్నవి. ముఖం ఎదుట లేనప్పుడు నాలుకకు అదుపు తగ్గుతుంది. చిన్న సవరణ పెద్ద పంతమవుతుంది. మారుపేరు వినయవంతునికి మరుగు ఇచ్చినట్లే తుంటరికీ ఇస్తుంది. ఒకే రుచిగలవారు మాత్రమే చేరినచోట ఇతరుల మాట వినబడక, తమ మాటే లోకమనిపించే ప్రమాదం ఉన్నది. స్త్రీల సంఖ్య తక్కువగా ఉండడం వికీపీడియా వంటి చోట్ల ఒప్పుకొన్న లోపం. ఇంటిపని తీరిన తరువాత మిగిలిన కాలంలోనే ఆసక్తికి చోటు దొరుకుతుంది. ఆ కాలం అందరికీ సమానంగా దొరకదు గదా!

వీటికంటె పెద్ద లోటు మరొకటి ఉన్నది. ఈ సమాజాలు కూర్చున్న అరుగు చాలాసార్లు తమది కాదు. ఎవరో ఒక సంస్థవారు ఇచ్చిన చోట కూర్చుంటారు. వారు తలుపు మూసిననాడు లేచిపోవలసిందే. యాహూవారి బృందాలలో 'రచ్చబండ' మొదలైన తెలుగు బృందాలు ఎన్నో నడిచినవి. ఛందస్సు మీద, వ్యుత్పత్తుల మీద, పాత పుస్తకాల మీద సంవత్సరాల తరబడి చర్చలు సాగినవి. 2020 డిసెంబరులో ఆ సంస్థ బృందాలన్నిటినీ మూసివేసింది. ముందుగా ఎవరైనా ప్రతి తీసి దాచుకొన్నవి మిగిలినవి, తక్కినవి పోయినవి. ఆర్కుట్ అనే మరొక చోటు 2014లోనే మూతపడ్డది. తాళపత్రాన్ని చెదలు తినడానికి నూరేళ్ళు పట్టేది. ఇక్కడ ఒక్క ప్రకటన చాలు. లక్ష్మణరావు గారి సర్వస్వం ఆగిపోయినా, వెలువడిన మూడు సంపుటములు గ్రంథాలయాలలో ఉన్నవి. మన నేటి మాటలకు ఆ భాగ్యం దానంతట అది రాదు.

మరొక మాట కూడా ఉన్నది. పదేళ్ళుగా వ్రాస్తున్న సభ్యుడొకడు హఠాత్తుగా వ్రాయడం మానివేస్తే, అతనికి జ్వరమో, పనియో, మరణమో తోటివారికి తెలియదు. తలుపు తట్టి చూడడానికి వారికి ఇల్లు తెలియదు. ఆ పని గోడ ఆవలి ఇంటివారే చేయవలెను. కాబట్టి ఈ బంధం చుట్టరికానికి, ఇరుగుపొరుగుకు బదులు కాదు. వాటి ప్రక్కన నిలిచే మరొక బంధం. దానినుంచి దాని ఫలం ఆశించవలెను గాని, మామిడిచెట్టును కొబ్బరికాయ అడుగరాదు.

ఇటువంటి సమాజంలో చేరదలచినవారికి అనుభవజ్ఞులు చెప్పే మాటలు నాలుగు ఉన్నవి. మొదట కొంతకాలం వినవలెను. అక్కడి మర్యాద తెలిసిన తరువాత నోరు విప్పవలెను. తెలిసినది చెప్పేటప్పుడు ఎట్లా తెలిసిందో కూడా చెప్పవలెను. తప్పు చూపినవారిని శత్రువుగా ఎంచరాదు. తన ఇంటి వివరాలు, డబ్బు వివరాలు ఎంత స్నేహం కుదిరినా అక్కడ పెట్టరాదు. ఐదవ మాట మాది: విలువైన చర్చ జరిగిననాడు దాని ప్రతి ఒకటి తీసి వేరొకచోట భద్రపరచవలెను, వీలైతే పదిమందికి అందే గ్రంథరూపంలో పెట్టవలెను. అది ఎవరో చేస్తారని ఊరుకొంటే ఎవరూ చేయరు.

ఆ ఉదయం కిషన్‌బాగ్‌లో జరిగిన కథకు కొంచెం శేషం ఉన్నది. నీటికాకి సంగతి తేలిన తరువాత కుర్రవాడు ఫోనులో మరొక బొమ్మ తీసి, గట్టున బురదలో మెడ ముడుచుకొని కదలక నిలబడ్డ గోధుమరంగు కొంగను నాయనమ్మకు చూపాడు. దానికి తెలుగులో ఏమంటారని ఎవరో అడిగారట.

ఆమె కళ్ళద్దాలు సవరించుకొని చూచింది. "గుడ్డికొంగ గాదురా! పక్కకొచ్చేదాంక కదలదు, లేస్తే తెల్లగ కనవడ్తది. మా ఊరి కుంట కాడ ఎన్ని ఉండెనో" అన్నది. చిన్ననాడు వరిమడుల వెంట ఆ పక్షి ఎట్లా నడిచేదో, ఎండలకు కుంట ఎండినప్పుడు ఎక్కడికి పోయేదో చెబుతూ పోయింది. కుర్రవాడు వ్రాసుకొంటూ పోయాడు. టీ మరల వేడిచేసి తెచ్చారు.

మేము సెలవు తీసుకొని లేచేసరికి ఆమె మనుమనిని అడుగుతున్నది: "నేను చెప్పింది వాళ్ళకు రాసినవా? ఏమన్నరు?"

వారు మనకేమవుతారనే ప్రశ్నకు ఇంతకంటె మంచి సమాధానం మాకు తోచలేదు. ఆమెకు తెలిసిన కుంట, ఆ కుంటలోని కొంగ, ఆ కొంగ పేరు, ఇంతకాలం అడిగేవారు లేక ఆమెలోనే ఉండిపోయినవి. చుట్టాలెవరూ అడుగలేదు. ఏమీ కాని వారు అడిగారు.